మీరు "పరిష్కరించేసిన" నా అంబాసిడర్ ఏరియల్ గురించి

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

అయ్యా,

నిన్న మీ సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని. ఎవరు పరిష్కరించారో, ఏం చేసి పరిష్కరించారో అందులో లేదు. చెప్పులేసుకుని బయటికెళ్ళి కారు చూశాను. ఎడమ మడ్‌గార్డు మీద కన్నం అలాగే ఉంది. ఆ కన్నంలో మీ మనిషి నిలబెట్టిపోయిన ఏరియల్, అంటే రేడియో సిగ్నల్ పట్టే కడ్డీ, అలాగే పక్కకి వాలి ఉంది. రేడియో పెడితే అదే గుర్రు. మరి పరిష్కారమైంది మీ వైపు ఇంకేదో అయి ఉంటుంది. సంతోషం.

కారు గురించి రెండు ముక్కలు చెబుతాను, ఇంతవరకూ మీ వాళ్ళెవరూ విన్న పాపాన పోలేదు గనక. 1977 మోడల్ అంబాసిడర్ మార్క్ త్రీ. మా నాన్నగారిది. ఇప్పుడు నాది, నేనే నడుపుతాను. ఆనాటి రేడియో సెట్టు ఇంకా డ్యాష్‌బోర్డులోనే ఉంది, పనిచేస్తుంది. ఆమధ్య ఆటోనగర్‌లో టింకరింగు చేయించి మడ్‌గార్డు మార్పించినప్పుడు పాత ఏరియల్ పోయింది. మీ యాప్‌లో "పాత కార్లకు ఏరియల్, ఇంటికే వచ్చి బిగిస్తాం" అని కనబడితే డబ్బు కట్టాను.

వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే. డ్రిల్లు పెట్టి కన్నం కొట్టేశాక చూసుకున్నాడు, డబ్బాలో రబ్బరు వాషరు లేదని. వైరు సెట్టు దాకా అందకపోతే తన సంచీలోంచి టీవీ కేబులు ముక్క తీసి అతికించాడు. "వాషరు పట్టుకుని రేపొస్తాను మేడమ్" అని వెళ్ళాడు. ఆ రేపు ఇంకా రాలేదు. వాన పడ్డప్పుడల్లా కన్నం మీద పాలిథిన్ కవరు కట్టుకుంటున్నాను. అయినా ఇక్కడిదాకా నాకు కోపం రాలేదు. మనిషన్నాక సామాను మర్చిపోతాడు. మీకు ఫోన్ చేశాక వచ్చింది కోపం.

తెలుగు కావాలంటే 4 నొక్కమంటుంది మీ యంత్రం. నొక్కాను. చాలాసేపు సంగీతం వినిపించి, మధ్యమధ్య నా కాల్ మీకెంత ముఖ్యమో చెప్పి, చివరికి ఒకాయన "హిందీ చలేగా మేడమ్?" అన్నాడు. చలేగా అనే అన్నాను, ఏం చేస్తాను! సంగతంతా చెప్పాక, కారు ఓనరుతో మాట్లాడాలన్నాడు. నేనే ఓనర్నన్నాను. "సార్ ఉంటే ఇవ్వండి మేడమ్, కొంచెం టెక్నికల్ విషయం" అన్నాడు. రిటైరయ్యేదాకా నేను హైస్కూల్లో చెప్పింది భౌతికశాస్త్రం. మా సార్‌కి ఫ్యూజు వెయ్యడం రాదు. ఆ ముక్కే చెప్పబోతుంటే లైను కట్టయింది.

తర్వాత దొరికిన అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది, అందుకు కృతజ్ఞతలు. కారు ఏ కంపెనీ అంది. హిందుస్తాన్ మోటార్స్ అన్నాను. "లిస్టులో లేదు మేడమ్, దగ్గర్లో ఉన్నదేదైనా పెట్టనా?" అంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చుకుని, బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసిన కారు. కలెక్టరు ఎక్కాడు, మంత్రి ఎక్కాడు, పెళ్ళివారు ఒకరి ఒళ్ళో ఒకరు కూచుని ఎక్కారు. మీ లిస్టులో మాత్రం అది పుట్టనే లేదు. ఆ అమ్మాయి ఏదో చిన్నకారు పేరు పెట్టేసి, "అయిపోయింది మేడమ్" అంది.

అయిపోయిన దాని ఫలితం కొన్నాళ్ళకి పార్సిల్లో వచ్చింది. సొరచేప రెక్క ఆకారంలో ఒక ప్లాస్టిక్ ముక్క, టాపు మీద అంటించుకునేది. దాని ప్లగ్గు నా సెట్టులో దూరను కూడా దూరదు. నేనడిగింది ఇది కాదు మొర్రో అంటే, రిటర్న్ పెట్టాలంటే ముందు పాత కంప్లయింట్ క్లోజ్ చెయ్యాలన్నారు. వద్దన్నాను. "సరే మేడమ్, చెయ్యం" అన్నారు. చేసేశారు. దాని పక్కన రాసిన కారణం కూడా యాప్‌లో చదివాను: టెక్నీషియన్ వచ్చినప్పుడు కస్టమర్ ఇంట్లో లేరట. అయ్యా, నేను ఇంట్లోనే ఉన్నాను. ఈ వయసులో ఎక్కడికి పోతాను, అందులోనూ మడ్‌గార్డుకి కవరు కట్టిన కారేసుకుని?

మీ చాట్‌లో జరిగినది మీరే ఒకసారి తీసి చదవండి. నేను కల్పించానంటారేమో. రేడియోలో గుర్రుమని వస్తోందంటే, "దయచేసి సమస్య ఫొటో పంపండి" అన్నారు. శబ్దానికి ఫొటో ఎలా తియ్యాలో పాఠాల్లో నేనెప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. మా పక్కింటి కుర్రాణ్ణి బతిమాలి, ఇంజను ఆన్ చేసి వీడియో తీయించి పంపాను. దానికి వచ్చిన జవాబు: "వీడియో పరిశీలించాము. శబ్దం వస్తున్నందున రేడియో పనిచేస్తున్నట్టు నిర్ధారించాము."

ఇంతకీ ఆటోనగర్‌లో మా మెకానిక్ బానెట్ ఎత్తి టార్చి వేసి చూసి, "కింద పెయింటు గీకలేదు మేడమ్, ఇంక ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ఏరియల్ అడుగుభాగం రేకుకి నేరుగా తగలాలి. లేకపోతే ఇంజను ప్లగ్గుల చిటపటంతా రేడియోలోకే వస్తుంది. ఇక టీవీ కేబులు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు, మన ఏరియల్ చూస్తే మీటరు. అది పట్టే సిగ్నలే చిటికెడు. అందుకే కార్లకు తక్కువ కెపాసిటెన్స్ ఉండే వైరు, అంటే సిగ్నల్‌ని తనలోనే దాచేసుకోని వైరు, విడిగా చేస్తారు. దానికి టీవీ కేబులు అతికితే ఆ చిటికెడూ దారిలోనే పోతుంది. ఈ మాటే మీ వాళ్ళకి చెబితే, ఎఫ్.ఎం. పెట్టి చూశారా అన్నారు. ఆ సెట్టులో ఎఫ్.ఎం. లేదన్నాను. "అయితే ఫోన్లో యాప్ వేసుకుని వినండి మేడమ్, క్లియర్‌గా వస్తుంది." నా ఫోన్లో నేనేం వినాలో చెప్పడానికా మీకు డబ్బు కట్టింది?

మా మెకానిక్ అరగంటలో సరిచేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. మీరే చెయ్యాలి.

మీ సూపర్‌వైజరు గారి దర్శనం కూడా అయింది, ఫోన్లోనే అనుకోండి. అప్పటిదాకా ఎప్పుడడిగినా ఆయన మీటింగులోనే ఉన్నారు. "మాది ప్లాట్‌ఫారం మాత్రమే మేడమ్, బిగించేది పార్ట్‌నర్" అని సెలవిచ్చారు. ఆ పార్ట్‌నర్‌కి ఫోన్ చేస్తే "యాప్‌లో జాబ్ పడితేనే వస్తామండీ" అన్నాడు. జాబ్ ఎందుకు పడదయ్యా అంటే, కంప్లయింట్ క్లోజయింది గనక. ఎవరికి వారు నిజమే చెప్పారు, నా కన్నం మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. చివరికి బెంజి సర్కిల్ దగ్గర మీ షోరూముకే ఉత్తరం రాసి పట్టుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి తీసుకుంది. అందినట్టు ముద్ర వేసిమ్మన్నాను. "స్టాంపు లేదు మేడమ్" అంది. సంతకమైనా పెట్టమ్మా అంటే, "మాకు పర్మిషన్ లేదు" అంది. నా కళ్ళముందే ఆ కాగితాన్ని ప్రింటరు కింద పెట్టింది, అది ఊగకుండా.

మీరు కొత్తగా చేరి ఉంటే మీ సంస్థ సంగతి నేను చెబుతాను వినండి. బందరు రోడ్డులో ఒక గది కొట్టుగా ఉన్నప్పటి నుంచీ మా నాన్నగారు సీటు కవర్లు, వైపరు బ్లేళ్ళు, బ్యాటరీలు మీ దగ్గరే కొనేవారు. వెళ్తే కుర్చీ వేసి టీ తెప్పించేవారు. వారంటీ కార్డు పోయిందంటే మొహం చూసి బ్యాటరీ మార్చి ఇచ్చారు ఒకసారి. ఇప్పుడు ఓటీపీ చెబితే గానీ నేనెవరో మీకు తెలియదు. చెప్పినా తెలియడం లేదు.

డబ్బు కోసం రాస్తున్నాననుకునేరు. మా కారు ట్యాంకు నింపడానికయ్యే దాంట్లో సగం కూడా ఉండదు మీ ఏరియల్. కాకపోతే ఆ డబ్బు వెనక్కివ్వాలి. ఏరియల్ సరిగ్గా బిగించనూ బిగించాలి. మడ్‌గార్డుకి పెయింటు వేయించాలి. ఆ రంగు మిగతా బాడీతో కలవకపోతే మొత్తం కారుకి వేయించాలి, కలవదని ఇప్పుడే చెబుతున్నాను. కస్టమర్ ఇంట్లో లేరని రాసిన వారెవరో నాకు ఫోన్ చేసి, ఆరోజు నేనెక్కడికి వెళ్ళానో వారే చెప్పాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా తేల్చాలి. తేల్చడమంటే క్లోజ్ నొక్కడం కాదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయబోతున్నాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. మీ హెడ్డాఫీసు ఏ ఊళ్ళో ఉన్నా నాకు బాధ లేదు, 2019 వినియోగదారుల చట్టం వచ్చాక నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. నాకు పెన్షన్ వస్తుంది, తీరిక బోలెడుంది. అదీ కాకపోతే దసరా ఆఫర్లు పెట్టిన రోజున మీ షోరూము ఎదురుగా కారు ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచి, రేడియో ఫుల్ సౌండు పెడతాను. పనిచేస్తోందని మీరే నిర్ధారించారు కదా, మీ కస్టమర్లూ వింటారు.

సొరచేప రెక్క నా దగ్గరే ఉంది. ఎవరైనా వచ్చి తీసుకెళ్ళవచ్చు, ముద్ర వేసిన రసీదు ఇచ్చి. "డియర్ కస్టమర్" అని మొదలయ్యేది ఏది పంపినా దాన్ని జవాబుగా లెక్కపెట్టను.

ఇట్లు,
సార్‌కి ఫోన్ ఇవ్వని మేడమ్,
విజయవాడ