అరుగు ఎత్తు ఎందుకు కొలిపించానంటే

అడిలైడ్,
14 సెప్టెంబరు 2025

నాన్నా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ అమ్మా తమ్ముడూ బాగున్నారని తలుస్తాను.

పోయిన నెల తమ్ముడికి ఫోన్ చేసి వీధి అరుగు ఎత్తు టేపు పెట్టి కొలవమన్నాను గుర్తుందా? "అక్కడ కూర్చున్నదానికి మన అరుగుతో ఏం పనిరా" అని నువ్వు వెనకనుంచి అనడం నాకు వినబడింది. మీరొచ్చినప్పుడు అందరం తిరగడానికి బండి వెతుకుతున్నాం, అది కుదిరాక చెబుదామని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు కుదిరింది. ఫోన్‌లో చెబితే పిల్లల గొడవలో సగమే అవుతుంది. నీకు మాత్రం ఇది మొదటినుంచీ చివరిదాకా చెప్పాలి. అందుకే రాత్రి అందరూ పడుకున్నాక రాస్తున్నాను.

అమ్మ ఆ అరుగు రోజుకి పదిసార్లయినా ఎక్కుతుంది, పక్కన స్తంభం పట్టుకుని. అంత ఎత్తు మెట్టున్న బండయితే మోకాలి నొప్పితోనూ ఎక్కగలదు. తమ్ముడు 44 సెంటీమీటర్లు అన్నాడు. ఆ అంకె చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. ఏ బండి దగ్గరికెళ్లినా ముందు టేపు తీసి, నేలనుంచి పక్క మెట్టు దాకా కొలిచేదాన్ని. ఆ తర్వాతే ఇంజను సంగతి.

ఏప్రిల్ బడి సెలవుల్లో మీరిద్దరూ వస్తే ఊరు చుట్టూ తిప్పి పంపడం నాకిష్టం లేదు. ఉత్తరాన ఫ్లిండర్స్ కొండలు, అవి దాటాక ఎర్రమట్టి మైదానాలు, అక్కడినుంచి ఊడ్నడాటా దారి. మర్రీ అనే చిన్న ఊరినుంచి మార్లా దాకా 600 కిలోమీటర్ల పైచిలుకు మట్టిరోడ్డు. ఆ ఎర్రనేల చూసినప్పుడల్లా మన అనంతపురం మెట్టచేలే గుర్తొస్తాయి. మర్రీలో ఇంకో సంగతుంది. రైళ్లూ లారీలూ లేని రోజుల్లో ఈ ఎడారిలో సరుకు మోసింది ఒంటెలే. వాటిని తోలడానికి వచ్చినవాళ్లలో చాలామంది అప్పటి మన దేశపు వాయవ్యం వైపు మనుషులూ, ఆఫ్ఘన్లూ. అందరినీ కలిపి ఇక్కడివాళ్లు ఆఫ్ఘన్లనే పిలిచారట. వాళ్లు కట్టుకున్న మట్టి మసీదు నమూనా ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. నీకు చూపించాలి.

మా చిన్న కారు ఆ దారికి పనికిరాదు. కింద ఎత్తు చాలదు, పైగా ఐదు సీట్లే. మనం ఆరుగురం. కొత్తది కొనే స్తోమత లేదు. కాబట్టి వాడిన ఫోర్‌వీల్ డ్రైవే, ఏడు సీట్లది, డీజిలుది. రెండు నెలలు ప్రతి శనివారం అదే పని.

మొదట చూసింది నిస్సాన్ పెట్రోల్. నీ అల్లుడు దాన్ని చూడగానే మనసు పడ్డాడు. సస్పెన్షన్ పైకి లేపి, పెద్ద టైర్లు వేసి, ముందు అడ్డంగా ఇనుప కడ్డీల బుల్‌బారు, దిగబడితే తాడుతో లాగే వించి, పైన ర్యాకు, వెనక ఇనుప సొరుగులు, అన్నీ బిగించి ఉంది. నేను టేపు పెట్టాను. మెట్టు 61 సెంటీమీటర్లు. నేనే చీర కట్టుకుని ఉంటే ఎక్కలేను. ఇంటికొచ్చి ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. ఈ తరహా బళ్లు ఖాళీ బరువు మీద సుమారు 600 నుంచి 700 కిలోల దాకా మోస్తాయి. అందులో మనుషులూ వస్తారు, సామానూ వస్తుంది, వెనక ట్రైలరు తగిలిస్తే దాని ముక్కు మోపే భారమూ వస్తుంది. ఆ ఇనుమంతా కలిపి 250 కిలోల దగ్గర తేలింది. మన ఆరుగురం 320. నీళ్లు 40 లీటర్లంటే 40 కిలోలు. ఇక బట్టలకీ వంటసామానుకీ ఏం మిగిలింది? ఇక్కడ అనుమతించిన బరువు దాటి తోలితే పోలీసు జరిమానా ఒక ఎత్తు, ఏదైనా జరిగితే బీమావాళ్లు పేచీ పెట్టడం ఇంకో ఎత్తు. "బస్సుకి టాపు మీద మూటలెక్కువైతే మలుపులో తెలుస్తుంది" అని నువ్వనేవాడివి. నీ మాట ఆయనకి చెప్పాను. ఇంకేం అనలేదు.

తర్వాత టొయోటా ప్రాడో, 2012ది, మూడు లీటర్ల డీజిలు. ఇక్కడ కుటుంబాలవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే, అందుకే ధరా ఎక్కువే. రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు పడుతుంది. ఎడారి ప్రయాణానికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాం. పొద్దున్నే వస్తాం, ఇంజను స్టార్టు చేయొద్దు అని ముందే చెప్పి పెట్టాం. వెళ్లి బానెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. నీ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే కదా, చల్లటి ఇంజను చెప్పే నిజం వేడెక్కింది చెప్పదని. ఆ ఇంజనుకి టైమింగ్ బెల్టు 1,50,000 కిలోమీటర్లకి మార్చాలి. బండి తిరిగింది 1,72,000. మార్చిన రసీదు అడిగితే అమ్మేవాడు "మార్చాం, కాగితం ఎక్కడో ఉంది" అన్నాడు. ఆ రాత్రి రెండు డాలర్లు కట్టి పీపీఎస్ఆర్‌లో చూశాం. అది ఇక్కడి ప్రభుత్వ రిజిస్టరు. బండి మీద అప్పుందా, దొంగిలించిందా, ప్రమాదంలో పనికిరాదని ఎప్పుడైనా రాసేశారా, అన్నీ అందులో తెలుస్తాయి. దాని మీద అప్పు ఇంకా ఉంది. మన ఆర్సీ మీద ఫైనాన్సువాళ్ల పేరున్నట్టే అనుకో. మనం కొన్నా అప్పిచ్చినవాడు వచ్చి పట్టుకెళ్లొచ్చు. బండి మంచిదే, అమ్మేవాడి మాట మాత్రం కుదరలేదు.

మూడోదాన్ని పేరు పెట్టి చెప్పను, నిమిషాల్లో వదిలేశాం. చూడ్డానికి అద్దంలా ఉంది. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ అంత లాగరు కదా. చివర్లో ఒక జానెడు మేర బట్ట రంగే మారిపోయింది, గోరుతో గీస్తే సన్నటి ఎండుమట్టి రాలింది. నీళ్లు సీటు దాకా వచ్చిన బండి అది. కింద పడుకుని టార్చి వేస్తే బోల్టులన్నీ తుప్పు పొరలు. డిఫరెన్షియల్ నూనె ప్లగ్గు విప్పి చూపించమంటే అమ్మేవాయన ఒప్పుకోలేదు. నీళ్లు దూరితే ఆ నూనె మజ్జిగలా తెల్లబడుతుందని నాకు తెలుసని ఆయన అనుకుని ఉండడు.

ఇక కొన్నది. మిత్సుబిషి పజెరో, 2014ది, 3.2 లీటర్ల డీజిలు, ఆటోమేటిక్, 1,76,000 కిలోమీటర్లు. 22,000 డాలర్లకి ముగిసింది. డీలరు దగ్గర కొంటే చట్టప్రకారం కొన్నాళ్ల వారంటీ వస్తుంది. ఇది ఇంటిదగ్గర అమ్మినవాళ్లది, అది రాదు. అందుకే నీ కూతురు నీలా చూడాల్సి వచ్చింది.

అమ్మినవాళ్లు పెద్దవాళ్లిద్దరు, ఆ ఇద్దరే వాడారు. సర్వీసు పుస్తకంలో ప్రతి ముద్రా ఉంది. ఇంజను చల్లగా ఉంది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. మొదటి క్షణం కాస్త నల్లపొగ, అంతే. తెలుపూ లేదు, నీలమూ లేదు. వేడెక్కాక నువ్వు డిపోలో చేసినట్టే నూనె పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టాను. చిన్నప్పుడు స్కూలు వదిలాక నీకు క్యారేజీ తెచ్చి, ఆ బస్సు ఇంజను మీద మూత గంతులేస్తుంటే నవ్వేదాన్ని. "ఇది నవ్వే సంగతి కాదమ్మా, పిస్టన్ రింగులు అరిగిపోయాయి" అన్నావు. ఇక్కడ ఆ మూత కొద్దిగా వణికింది, కదల్లేదు. నాకు అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి నాన్నా. ఆ పెద్దాయన కంగారుపడి "ఏమైందమ్మా, ఏదైనా లోపమా" అని అడిగాడు. మా నాన్న బస్సుల మెకానిక్ అని చెప్పాను. ఆయన లోపలికెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు.

దీనికి మన లారీలకిలా విడిగా చాసిస్ ఉండదు, బాడీలోనే కలిసి ఉంటుంది. వెనక చక్రాలు కూడా దేనికది విడిగా ఆడతాయి, అందుకే మట్టిరోడ్డు మీద నడుముకి సుఖం. మరీ రాళ్లగుట్టలు ఎక్కేవాళ్లు వేరేవి వెతుక్కుంటారు. మనకి ఆ పని లేదు. టైమింగ్‌కి బెల్టు కాదు, గొలుసు. గేరు పక్కన ఇంకో కడ్డీ ఉంటుంది. రెండు చక్రాల నడక, నాలుగు చక్రాల నడక, ఇసుకలో దిగబడితే లో-రేంజి, అన్నీ దాంతోనే. తారురోడ్డు మీద వానలో కూడా నాలుగు చక్రాలకీ పెట్టి తోలొచ్చు, అది దీని గొప్ప. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి లో-రేంజికి మార్చి చూశాను. మొదట బిగుసుకుంది. ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోలేదన్నమాట. రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపాక చక్కగా పడింది.

టైర్ల దగ్గర మాత్రం గట్టిగా బేరమాడాను. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. పక్క గోడ మీద నాలుగంకెలు చూశాను, 2316. అంటే 2016లో 23వ వారంలో తయారైనవి. తొమ్మిదేళ్లు. వంచి చూస్తే వెంట్రుకంత సన్నటి బీటలు. ఊరికి 200 కిలోమీటర్ల దూరంలో అవి పగిలితే ఎవర్ని పిలుస్తాం? ఐదూ మార్చాలి, స్టెప్నీతో సహా. ఆ ఖర్చు లెక్కగట్టి చెబితే 1,500 తగ్గించారు. కొత్తవి దళసరి పక్కగోడలున్నవి వేయించాం. మట్టిరోడ్డెక్కగానే 35 పీఎస్ఐ ఉన్న గాలిని 28కి దించాలి, మెత్తటి ఇసుకైతే 18 దాకా. రేకుల షెడ్డు కప్పులా అలలు అలలుగా ఉంటాయి ఆ రోడ్లు. గాలి దించకపోతే పళ్లు కదిలిపోతాయి. తిరిగి తారురోడ్డెక్కేముందు నింపుకోవడానికి చిన్న కంప్రెసరు కొన్నాం.

ట్యాంకు 88 లీటర్లే, ప్రాడో అంత కాదు. కానీ ఊడ్నడాటా దారిలో మర్రీ, విలియం క్రీక్, ఊడ్నడాటా, మార్లా, ఒక్కోటి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, అన్నిచోట్లా డీజిలు దొరుకుతుంది. సరిపోతుంది. వాన పడితే ఆ దారి మూసేస్తారు, మూసిన రోడ్డు మీద తోలితే భారీ జరిమానా. కాబట్టి రెండు రోజులు చేతిలో అదనంగా ఉంచుకుని బయల్దేరదాం. నడిమధ్యలో ఐర్ సరస్సు ఉంది, సముద్రమట్టం కంటే 15 మీటర్లు దిగువన. నీళ్లు లేని రోజుల్లో కనుచూపు మేరా తెల్లటి ఉప్పే.

ఇక సీట్లు. ముందు నువ్వు, ఆయన తోలుతాడు. నడి వరుసలో పిల్లలిద్దరూ అమ్మా. చిన్నదాని సీటు వెనక్కి పట్టీతో బిగించే కొక్కెం ఆ వరుసలో ఉంది. చివరి వరుస నేలలోకి మడిచేది, అది ఎత్తితే నేను అందులో కూర్చుంటాను. అప్పుడు డిక్కీలో చోటుండదు, సామాను ట్రైలర్లోకి. ట్రైలరు మాకు ముందే ఉంది.

మెట్టు సంగతి చెప్పనేలేదు కదూ. 46 సెంటీమీటర్లు. మన అరుగు కంటే రెండే ఎక్కువ. తలుపు స్తంభం మీద లోపల పట్టుకోవడానికి పిడి ఉంది. అమ్మకి ఎక్కువ నొప్పి ఎడమ మోకాలే కదా? ఎడమవైపు తలుపులోంచి ఎక్కితే ఆ కాలి మీదే బరువంతా మోపి లేవాలి. కుడివైపునుంచి, డ్రైవరు వెనక సీటైతే కుడికాలు మెట్టు మీద పెట్టి, ఎడమకాలు లోపలికి వేసుకోవచ్చు. నేనే పదిసార్లు ఎక్కి దిగి చూశాను.

అయినా నాకు ఇంకా నమ్మకం చిక్కలేదు. అమ్మకి ఏమీ చెప్పకుండా రేపు పొద్దున నువ్వే గమనించు. అరుగు ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు పెడుతుందో, స్తంభం ఏ చేత్తో పట్టుకుంటుందో. తమ్ముడితో వీడియో తీయించి పంపించు. ఆ రెండు సెంటీమీటర్లు కూడా తగ్గించాలంటే చిన్న చెక్కపీట ఒకటి చేయించి వెనక పెడతాను.

నీ పాత స్పానర్ల సంచి పెట్టెలో పెట్టుకు రా. విమానంలో చేతి సామానులో వద్దు, లగేజీలో వెయ్యి. పాకెట్ టార్చి ఇక్కడుంది.

నీ కూతురు