అమ్మ దాచిన గాసునూనె

దోస్తూ,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలట్లేదు. ఎవరో వీడియోలో యేసు ప్రభువు రాకడకు, అంటే ఆయన మళ్లీ రావడానికి, తేదీ చెప్పారని, అది చూసినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదని అన్నావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

తేదీ సంగతి వదిలెయ్యి. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి బోధ నమ్మినవాళ్లు వేలమంది 1844 అక్టోబరు 22న ఆయన వస్తాడని కనిపెట్టుకుని కూర్చున్నారు. కొందరు పొలంలో పంట కూడా కోయలేదు. మామూలుగానే తెల్లారింది. వాళ్లను తలుచుకుంటే నాకు జాలేస్తుంది, ఆయన్ని అంతగా కోరుకున్నారు కదా.

రాకడ అంటే నాకు గుర్తొచ్చేది మా అమ్మ. నాయన బొంబాయి మట్టిపనికి పోయిన రోజులు నీకు తెలుసు. అప్పట్లో మన పాలమూరులో ఏ ఊరు చూసినా అదే కథ. పండుగకు వస్తానని ఉత్తరం వచ్చేది, ఏ రోజన్నది ఉండేది కాదు. బొంబాయి బస్సు ఏ అర్ధరాత్రో రోడ్డు మీద దింపిపోతే అక్కడి నుంచి ఊర్లోకి నడకే. పొద్దు గూకగానే అమ్మ కందీలు గ్లాసును బూడిదతో తోమి, వత్తి కత్తిరించి, గడప పక్కన పెట్టేది. మేమందరం తిన్నాక రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి ఉంచేది. తెల్లారి అవి మేమే తినేవాళ్లం. మళ్లీ సాయంత్రం ఇంకో రెండు.

ఒకరోజు చదువుకుంటూ కందీలులో నూనంతా కాల్చేశాను. ఆ రాత్రే కుక్కలు మొరిగాయి. అమ్మ నన్నొక్క మాట అనకుండా మంచం కింది నుంచి సీసా తీసింది. రేషన్ గాసునూనె తెచ్చిన ప్రతిసారీ కొంచెం పక్కకు పోసి పెట్టుకుందట! కందీలు వెలిగించుకుని ఉరికింది. ఆ వెలుగులో నాయన మొహం, భుజం మీద మూట ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

మత్తయి 25లో దీపాలు పట్టుకుని పెళ్లికొడుకు కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ సీసానే కనబడుతుంది. గమనించావా, బుద్ధిగలవాళ్లు కూడా కునికి నిద్రపోయారు. ప్రభువు దాన్ని తప్పు పట్టలేదు. తేడా వచ్చింది సిద్దెలలో, అంటే చిన్న పాత్రల్లో, విడిగా తెచ్చుకున్న నూనె దగ్గరే. మా అమ్మ కూడా రోజూ కూలికి పోయింది, రాత్రి అలసి పడుకుంది. కాబట్టి నువ్వు కూడా హాయిగా పడుకో.

అమ్మ భూస్థాపన రోజు పాస్టరుగారు మొదటి థెస్సలొనీకయుల పత్రిక 4వ అధ్యాయం చదివారు. దేవుని బూర మోగడం, క్రీస్తులో చనిపోయినవాళ్లు మొదట లేవడం, అదంతా చెప్పి పౌలు ఎక్కడ ఆపాడో చూడు: "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి." సమాధి మీద మట్టి ఇంకా తడి ఆరలేదు. "ప్రభువైన యేసూ, రమ్ము" అని ఆ రోజు మొదటిసారి కడుపులో నుంచి అన్నాను. ఆయన్ని చూడాలిరా. అమ్మనూ చూడాలి.

మరి నా సీసాలో ఏముంది? గెట్టు గొడవలో తమ్ముడితో మాటలు ఆగిపోయి రెండేళ్లు. చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకున్న ప్రతిసారీ అది గుండెలో గుచ్చుకుంటోంది. ఆ మూరెడు మట్టి వాడికే వదిలేస్తున్నా. ఆదివారం ఆరాధన అయ్యాక వాడింటికి పోతా. నువ్వంటే వాడికి గౌరవం, నువ్వూ రా. మక్తల్ బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి, బండి తీసుకొస్తా.

నీ దోస్తు