టీకి రమ్మంటే ఖాళీ కడుపుతో వెళ్లు

లీడ్స్, ఆదివారం

బుజ్జీ,

నువ్వు ఓఈటీ, అదే నర్సులు రాసే ఇంగ్లీషు పరీక్ష, పాసయ్యావని నాన్న వాట్సాప్‌లో పెట్టిన దగ్గర్నుంచీ నీకిది రాయాలనుకుంటున్నాను. ఎవరైనా టీకి రమ్మంటే తినేసి వెళ్లాలా, తినకుండానా అని కూడా అడిగావు. ఫోన్లో చెబితే నవ్వి వదిలేస్తావు, అందుకే ఉత్తరం. పరీక్షలో అడిగే ఇంగ్లీషు వేరు, వార్డులో ముసలమ్మలు మాట్లాడే ఇంగ్లీషు వేరు. రోగాల పేర్లతో నీకే ఇబ్బందీ ఉండదు, అవన్నీ మనం బట్టీపట్టినవే. తిప్పలన్నీ టీ, డిన్నర్ లాంటి చంటిపిల్లల మాటలతోనే.

మా లీడ్స్ ఉన్న యార్క్‌షైర్‌లో, ఆ మాటకొస్తే ఇంగ్లండ్ ఉత్తరాదిలో చాలామందికి, డిన్నర్ అంటే మధ్యాహ్నం భోజనం. టీ అంటే సాయంత్రం ఐదు, ఆరు గంటలకి తినే అన్నం. అన్నం అంటున్నానే గానీ బంగాళాదుంపలూ, మాంసమూ, బఠాణీలూ అనుకో. కప్పులో తాగేదీ టీయే. సప్పర్ అంటే పడుకోబోయే ముందు ఒక టోస్టో, రెండు బిస్కెట్లో, కాసిని పాలో. మా వార్డు మెనూ కార్డు మీద మాత్రం లంచ్, సప్పర్ అని అచ్చేసి ఉంటుంది. ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లు వేయించిన కార్డు అది. మంచం మీదున్న మామ్మ దాన్ని పక్కన పడేసి, "వాట్స్ ఫర్ అజ్ టీ, లవ్?" అంటుంది. ఆ 'అజ్' అంటే ఇక్కడ 'మా' అని. లవ్ అన్నారని కంగారుపడకు, మనం 'అమ్మా', 'తల్లీ' అన్నట్టే. డాక్టరుకీ అదే, బస్సు డ్రైవరుకీ అదే. ఆవిడ అడిగేది సాయంత్రం ఏం పెడతారని. నువ్వు కప్పు పట్టుకెళ్లి ఇచ్చావనుకో, తాగుతుంది, థాంక్యూ కూడా అంటుంది. కాసేపాగి మళ్లీ అదే అడుగుతుంది.

షుగరు పేషెంట్ల దగ్గరికొచ్చేసరికి ఇది నవ్వులాట కాదు. చేర్చుకునేటప్పుడు, ఇంట్లో ఇన్సులిన్ ఎప్పుడెప్పుడు వేసుకుంటారని అడుగుతాం. "బిఫోర్ మై డిన్నర్ అండ్ బిఫోర్ మై టీ" అంటాడు పెద్దాయన. మనకొచ్చిన ఇంగ్లీషులో అది రాత్రి భోజనానికి ముందొకటి, నాలుగింటి టీకి ముందొకటి. ఆయన చెప్పింది మధ్యాహ్నం పన్నెండుకొకటి, సాయంత్రం ఐదుకొకటి. జీపీ, అంటే వాళ్ల ఇంటి దగ్గరి డాక్టరు, రికార్డుతో ఎలాగూ సరిచూసుకుంటాం, కానీ ఆ రికార్డు చేతికొచ్చేలోపే ఒక పూట గడిచిపోవచ్చు. అందుకే మా సీనియర్ సిస్టర్లు పూట పేరు రాయరు, గంట రాస్తారు. "వాట్ టైమ్ ఈజ్ దట్, లవ్?" అని ఒక్క ముక్క అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు. పోష్‌గా మాట్లాడే లండన్ ఆయన్నయినా సరే, అడుగు.

ఇంటికి పంపేటప్పుడు ఇంకో తమాషా. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి అవసరాన్ని బట్టి ఇంటికొచ్చి చూసుకునే కేరర్లని ఏర్పాటు చేస్తారు, బాగా లేవలేనివాళ్లకైతే రోజుకి నాలుగుసార్లు. మార్నింగ్ కాల్, లంచ్ కాల్, టీ కాల్, బెడ్ కాల్. కాల్ అంటే ఫోను కాదు, మనిషే వస్తుంది. టీ కాల్‌కి వచ్చిన మనిషి సాయంత్రం భోజనం వేడిచేసి పెట్టి, మాత్రలు వేయించి, గిన్నెలు కడిగి వెళ్తుంది. ఆ మధ్య ఒక పేషెంటు కోడలు, మన దేశం ఆవిడే, "మా అత్తగారు టీ ముట్టరు, ఆ కాల్ తీసేయండి" అంది. తీసేస్తే ఆ పెద్దావిడకి మధ్యాహ్నం తిన్న తర్వాత మళ్లీ పొద్దున్నే తిండి. ఈ 'కాల్' అన్నదాన్ని విడమర్చి చెప్పే పని మనదేనని నా ఉద్దేశం. కాగితాల్లో ఎవరూ రాయరు.

ఎందుకిలా తయారైందంటే, డిన్నర్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చిందట. మొదట్లో దానర్థం ఉపవాసం విడవడం, అంటే అచ్చంగా బ్రేక్‌ఫాస్టే! రోజులో మొదటి తిండి జరిగి జరిగి మధ్యాహ్నానికి చేరింది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో కలిగినవాళ్లు దాన్ని ఇంకా పొద్దుపోయేదాకా లాక్కెళ్లారు, కొవ్వొత్తుల ఖర్చు వాళ్లకో లెక్కా? మధ్యలో మిగిలిన ఖాళీలోకి లంచ్ వచ్చి కూర్చుంది. మిల్లుల్లో, బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్ల డిన్నర్ మాత్రం మధ్యాహ్నమే ఆగిపోయింది. పని దిగి ఇంటికొచ్చాక వేడి టీ పెట్టుకుని దాంతోపాటు రొట్టె, మాంసం తినేవాళ్లు. ఆ పూటకే టీ అని పేరు పడింది. టీ ఆకు మొదట్లో పెద్దింటి సరుకు, లేదా దొంగరవాణా సరుకు. 1784లో దాని మీద సుంకం 119 శాతం నుంచి ఒక్కసారిగా పన్నెండున్నరకి దించాకే నిజంగా చౌకైంది. ఇప్పటికీ సాయంత్రం తిండిని ఏమంటాడో విని, మనిషి ఏ వైపువాడో, ఎలాంటి ఇంట్లో పెరిగాడో ఇక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు. బయటికి అనరనుకో.

మీ మేనల్లుడి బడిలో చూడాలి. బడివాళ్లు వండి పెడితే అది స్కూల్ డిన్నర్, వడ్డించేవాళ్లు డిన్నర్ లేడీస్. ఇంగ్లండులో మొదటి మూడు తరగతుల పిల్లలకి 2014 సెప్టెంబరు నుంచి అది ఉచితం. ఇంటి నుంచి డబ్బా కట్టుకెళ్తే దాని పేరు ప్యాక్‌డ్ లంచ్. ఒకే హాలు, ఒకే బల్ల, ఒకే గంట. వీడిది లంచ్, పక్కవాడిది డిన్నర్. వాడికిందులో వింతేమీ కనపడదు. వాడి భాషలో టీ అంటే ఐదున్నరకి నేను పెట్టే చారన్నం.

తాగే టీకి కప్పా అనో బ్రూ అనో అంటారు. పెద్దవాళ్లయితే ఆకు నాననివ్వడాన్ని మాష్ అంటారు, ఏదో ఆలుగడ్డ మెదుపుతున్నట్టు. మాట సంగతి ఎలా ఉన్నా టీ మాత్రం నీకు నచ్చదు, ముందే చెబుతున్నా. పాలు కాచరు, చివర్న చల్లగా ఒలకబోస్తారు. టీకేక్ అని ఇంకోటుంది. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ వైపు చాలామందికి అది ఉత్త బన్ను, అందులో హ్యామ్ పెట్టుకుని తింటారు. ఇంకోచోట ఎండుద్రాక్ష వేసింది. స్కాట్లండ్ నుంచి వచ్చే టనక్స్ డబ్బాలోదైతే పైన చాక్లెట్, లోపల తెల్లటి నురగ. ఆ ఉత్త బన్నునే మాంచెస్టర్‌లో బామ్ అనీ, నాటింగ్‌హామ్‌లో కాబ్ అనీ అంటారు. ఊరు మారితే షాపులో వేలు పెట్టి చూపించడమే మేలు.

బేకరీలో టిఫిన్ అని రాసి ఉంటే ఆశపడకు. బిస్కెట్ పొడి, కోకో, ఎండుద్రాక్ష కలిపి పైన చాక్లెట్ పోసి గడ్డకట్టించిన ముక్క అది. తెల్లవాళ్లు మన దేశంలో వాడి వదిలేసిన మాటని మనం ఇడ్లీ, పెసరట్టుకి పెట్టుకున్నాం, వీళ్లేమో మిఠాయికి పెట్టుకున్నారు. ఆ లెక్కన మనమేం తక్కువ? మనింట్లో టీ, హైదరాబాద్‌లో చాయ్. రెండూ చైనా నుంచి వచ్చిన మాటలే. చాయ్ నేల మీద పర్షియా వైపు నుంచి నడిచొచ్చింది, టీ డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ చుట్టి ఇంగ్లీషువాళ్ల వెంట దిగింది.

నువ్వు అడిగినదానికి జవాబు. తోటి నర్సు "కమ్ రౌండ్ ఫర్ యువర్ టీ" అందంటే భోజనానికి పిలిచినట్టే. ఐదున్నరకల్లా వెళ్లు, ఏమీ తినకుండా వెళ్లు, బీఫ్ తిననని ముందే చెప్పు. "కమ్ రౌండ్ ఫర్ ఎ బ్రూ" అంటే మాత్రం ఇంట్లో తినేసి వెళ్లు, అక్కడ దొరికేది కప్పూ, బిస్కెట్టూ అంతే. క్రిస్మస్ డిన్నర్ అంటే మాత్రం ఎక్కడివాళ్లయినా ఎక్కువగా పట్టపగలే కూర్చుంటారు, రాత్రికని ఆగావంటే చల్లారిన టర్కీ కోడి మాంసమే.

చలికోటు అక్కడ కొనకు, హైదరాబాద్ కోటు ఇక్కడి గాలికి ఆగదు. అమ్మ బీపీ మాత్ర సంగతి రాశావు, టిఫిన్ తర్వాత వేసుకుంటోందని. ఆవిడ పూజ ముగించుకుని టిఫిన్ ఎన్నింటికి చేస్తోందో కనుక్కుని, గంట రాసి పంపు.

ఇట్లు,
అక్క