అటు ఒడ్డు వాళ్లకు, ఇటు ఒడ్డు వాళ్లకు... ఆలస్యంగా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రాలోని చింతూరు మండలంలో శబరి నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. ఎప్పుడో చెప్పాల్సిన మాట ఇది. రోజూ రేపు చెబుదాంలే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను.

బడి తెరిచిన వారంలో మా పక్క స్కూల్లో ఒక పిల్లను ఒకటో తరగతిలో చేర్చుకున్నారు. పుట్టిన తేదీ కాగితం లేదని హెడ్మాస్టర్ గారు వాళ్ల నాన్నను నా దగ్గరికి పంపారు. ట్రంకుపెట్టెలోంచి పాత రిజిస్టర్లు తీశాను. 2020 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉన్న పేజీల్లో పద్నాలుగు పేర్లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఈ పిల్లది మూడో పేరు. అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పోస్టు అందుకే.

మా ప్రాంతం తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. చట్టి దాటి కొంచెం ముందుకెళ్తే కొంటా, అది ఛత్తీస్‌గఢ్. శబరి, సీలేరు కలిసే చోట మోటు, అది ఒడిశా. పెద్దాసుపత్రికి పోవాలంటే భద్రాచలం, అది తెలంగాణ. 2014లో ఏడు మండలాలు ఇటు ఆంధ్రాలో కలిపినప్పుడు భద్రాచలం టౌను మాత్రం అటు తెలంగాణలో ఉండిపోయింది. దేవుడు తెలంగాణలో, దేవుడి భూములు ఆంధ్రాలో అని మా దగ్గర ఒక జోకు. మామూలు రోజుల్లో ఈ గీతలు ఎవరికీ పట్టవు. సంతకు వచ్చే వాళ్లలో ఎవరిది ఏ రాష్ట్రమో అడిగేవాళ్లుండరు. కోయ మాట అన్ని వైపులా ఒకటే, చుట్టరికాలూ అన్ని వైపులా ఉన్నాయి. 2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పెట్టాకే మాకు తెలిసింది మేము సరిహద్దులో ఉన్నామని. రోడ్డుకు అడ్డంగా దుంగలు పడ్డాయి, సంత ఆగిపోయింది. సంత ఆగితే మాకు పేపరు ఆగినట్టే, కబురు కదలదు.

సెంటర్లో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, సరుకులు ఇంటికే చేర్చండి అన్నారు. నేనూ, సెంటర్లో నాకు సాయంగా ఉండే మా ఆయమ్మా ఇల్లిల్లూ తిరిగి బాలామృతం (పిల్లల పోషకాహార పొడి), గుడ్లు, పాల ప్యాకెట్లు ఇచ్చి సంతకాలు తీసుకున్నాం. నా సర్వేలో, అంటే మా సెంటర్ లెక్కలో, ఉన్న పిల్లలందరికీ ఇచ్చాను. అంత వరకూ నా పని బాగానే చేశానని అనుకున్నాను.

సర్వేలో లేని వాళ్ల సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలి. తెలంగాణలో మిరపకాయల కోతకు పోయిన ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా వాళ్లు ఏప్రిల్లో అడవి దారిన నడిచి వెనక్కి వచ్చారు. కొంటా వైపు పోనివ్వలేదు, వెనక్కి పోయే ఓపిక లేదు. మా ఊరి అవతల ఇప్పచెట్ల కింద దిగిపోయారు. తొమ్మిది కుటుంబాలు. మా ఊరి వాళ్లు దూరం నుంచి బియ్యం పెట్టి వచ్చేవాళ్లు, దగ్గరికి పోతే జబ్బు అంటుకుంటుందని భయం. నేనూ పోలేదు. మన పిల్లలు కాదు కదా, సర్వేలో లేరు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆ వార్త వచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లాలో మిరప కోతకు వెళ్లిన 12 ఏళ్ల పాప, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు దగ్గరపడ్డాక దారిలోనే చనిపోయింది. ఫోన్లో అది చదివాక ఇప్పచెట్ల వైపు చూడలేకపోయాను. మర్నాడు పొద్దున్నే మాస్కు కట్టుకుని, జబ్బకొలత టేపు పట్టుకుని వెళ్లాను.

ఆ టేపు చూడని వాళ్లకు చెబుతాను. పిల్లల భుజానికీ మోచేతికీ మధ్యన చుట్టి చూస్తాం. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, పర్లేదు. 11.5కి తగ్గితే ఎరుపు, ఆ పిల్లకు వెంటనే వైద్యం కావాలి. ఒక తల్లి ఒళ్లో పది నెలల ఆడపిల్ల ఉంది. చుట్టి చూస్తే 11.1. సరిగ్గా చుట్టలేదేమోనని మళ్లీ చూశాను. అదే వచ్చింది. తూకం వేస్తే 5 కిలోల 600. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అనిపించింది నాకు.

మొదటి థాంక్స్ మా సూపర్‌వైజర్ మేడంకి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేసి, వీళ్లకు ఆధార్ లేదు, మన రాష్ట్రం కాదు, ఏం చేయమంటారు అని అడిగాను. ఆమె రూల్స్ మాట్లాడలేదు. "ముందు పెట్టండి టీచర్. పేర్లు పెన్సిల్‌తో రాయండి, తర్వాత చూసుకుందాం" అన్నారు. వలస పోయి తిరిగిరాని కుటుంబాల సరుకు మిగిలి ఉంది, దాంతో సర్దాం. అన్నట్టు, మా బాలామృతం పొడి హైదరాబాద్ నాచారంలో తయారై వచ్చేది. రాష్ట్రం విడిపోయినా పిల్లల పొడికి విడాకులు కాలేదని మా మేడం నవ్వేవారు.

రెండో థాంక్స్ కొంటా వైపు మితానిన్ అక్కకు. ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తను మితానిన్ అంటారు. ఆ పిల్ల టీకాల కార్డు హిందీలో ఉంది, చెమటకు తడిసి సగం అలుక్కుపోయింది. మా ఏఎన్ఎం సిస్టర్‌కి అర్థం కాలేదు. ఏ టీకా పడిందో తెలియకుండా ఎలా వేస్తారు? ఫొటో తీసి, ఒకరి నుంచి ఒకరికి నంబరు పట్టుకుని, చివరికి ఆ అక్కకు పంపాం. కొంటా వైపు తెలుగు వచ్చిన వాళ్లకు కొదవ లేదు. తను రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, తన పుస్తకం చూసి తెలుగులోనే చెప్పింది: పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) రెండు డోసులు పడ్డాయి, మూడోది పడలేదు, తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు టీకా పడలేదు. అంతటితో ఊరుకోలేదు. "టీచరమ్మా, మా వైపు కూడా తట్టు టీకాకు నలుగురున్నారు, ఇక్కడ బండి రావట్లేదు" అంది.

ఇక్కడ ఒక చిక్కుంది. తట్టు, రుబెల్లా టీకా సీసాలో ఐదు డోసులుంటాయి. పొడిలో నీళ్లు కలిపాక నాలుగు గంటలే, ఆ తర్వాత మిగిలింది పారేయాలి. ఒక్క పిల్ల కోసం సీసా విప్పడానికి మా సిస్టర్‌కి చెయ్యి రాదు. ఇటు ఒకరు, అటు నలుగురు, లెక్క సరిగ్గా సరిపోయింది! మా సిస్టర్ వాళ్ల డాక్టర్ గారిని, ఆ అక్క వాళ్ల డాక్టర్ గారిని అడిగి ఒప్పించారు. ఒక పొద్దున వాగులో నీళ్లు మోకాలి లోతున ఉండగా ఆ నలుగురు తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని ఇటు దాటారు. చింతచెట్టు కింద దూరదూరంగా ముగ్గుతో గళ్లు గీశాం. టీకాల డబ్బాలో ఐస్ కరిగేలోపు పని అయిపోయింది. మా సిస్టర్ ఐదుగురి కార్డుల మీదా సంతకం పెట్టింది. అది ఎవరి లెక్కలోకి వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మా పెన్సిల్ పిల్లకు టీకాతో సరిపోదు. జ్వరం కూడా మొదలైంది. మా దగ్గర జ్వరమంటే మొదట మలేరియా చూస్తాం, అది లేదని తేలింది. పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలన్నారు, అంటే భద్రాచలం. వాళ్ల అమ్మ రానంది. ఆస్పత్రికి పోతే క్వారంటైన్లో వేస్తారు, మళ్లీ మనుషులు కనపడరు అని అందరి భయమూ ఆమెకూ ఉంది. మా ఆయమ్మ కోయలో గంటసేపు బతిమాలి, "నేనూ నీతో వస్తా పద" అని బండెక్కింది. ఆయమ్మ గురించి ఎవరూ పోస్టులు రాయరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర మా 108ని ఆపేశారు. ఎక్కడో చెప్పను. పాస్ లేదు, పక్క రాష్ట్రం బండి, పైనుంచి ఆర్డర్ లేదు అన్నారు. మే నెల ఎండలో గంటా నలభై నిమిషాలు. ఆయమ్మ పిల్ల వంటి మీద తడిగుడ్డ మార్చి మార్చి వేస్తూ కూర్చుంది. వాళ్లూ చెప్పిన పనే చేశారని తెలుసు, అయినా ఆ గంటా నలభై నిమిషాలు నేను మర్చిపోలేదు. చివరికి దారి చూపింది భద్రాచలం ఏరియా ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ. మా సీడీపీవో (అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారి) మేడం ఫోన్ చేస్తే, తను వాళ్ల వైపు 108ని చెక్‌పోస్టు దాకా పంపింది. ఆ బండి ఇటు రాకుండా, ఈ బండి అటు పోకుండా, తల్లీబిడ్డలు నాలుగడుగులు నడిచి బండి మారారు. మా డ్రైవర్ అన్న సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని ఆ నాలుగడుగులూ నడిచాడు.

ఆస్పత్రిలో పదహారు రోజులున్నారు. మూడో రోజే తల్లి వెళ్లిపోతానని మూట కట్టుకుంటే, వార్డులో ఊడ్చే పెద్దావిడ కోయలో మాట్లాడి ఆపిందట. రెండేసి గంటలకు లేచి ప్రత్యేకం పాలు చెంచాతో పట్టడం ఆ తల్లికి నేర్పింది కూడా ఆవిడే. ఇంటికొచ్చేటప్పటికి 6 కిలోల 400. గుక్క తిప్పుకోకుండా ఏడుస్తూ వచ్చింది. నాకు కడుపు నిండింది.

ఒడిశా వాళ్లను మర్చిపోతే పాపం తగులుతుంది. ఆ ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు దాటి పొంగింది. శబరి వెనక్కి తన్ని మా దారులు మునిగాయి. కొందరు పిల్లల్ని తీసుకుని మోటు వైపు చుట్టాల ఇళ్లకు ఎక్కారు. అక్కడి అంగన్‌వాడీ దీదీ వాళ్లను తన పిల్లలతో పాటే కూర్చోబెట్టి ఛతువా (అక్కడి అంగన్‌వాడీల్లో ఇచ్చే పిండి) కలిపి పెట్టిందట. మనోళ్లు తిరిగొచ్చాక కూడా "ఆ పిండి తీపిగా ఉంది, మన పొడి బాలేదు" అని నన్ను సాధించారు. పోనీలే.

2021 సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మా పక్క ఊరి అన్నాచెల్లెళ్లు. నాన్న అంతకుముందే పోయాడు, అమ్మ కరోనా రెండో వేవ్‌లో భద్రాచలంలో పోయింది. ఆ మే నెలాఖర్లో కేంద్రం ప్రకటించిన పీఎం కేర్స్ సాయం ఇలాంటి పిల్లలకు వర్తించేది, 23 ఏళ్లు వచ్చాక 10 లక్షలు. అయితే మరణం ఎక్కడ జరిగితే సర్టిఫికెట్ అక్కడే ఇవ్వాలి. పిల్లలు ఆంధ్రా, కాగితం తెలంగాణ, వాళ్ల మేనమామకు అక్షరం ముక్క రాదు. రెండు జిల్లాల బాలల సంరక్షణ ఆఫీసుల వాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని, కాగితం చేతికొచ్చే దాకా పట్టు వదల్లేదు. ఒకతను ఆదివారం రోజు బైకు మీద తెచ్చి ఇచ్చాడు. టీ తాగమంటే మాస్కు తీయకూడదని తాగకుండానే వెళ్లిపోయాడు. తమ్ముడూ, టీ బాకీ ఉంది.

పేర్లు రాయలేదని ఎవరూ అనుకోవద్దు. అడక్కుండా పేర్లు పెట్టకూడదు, పైగా కొందరి పేర్లు నాకు అప్పుడూ తెలియవు.

మితానిన్ అక్క నంబరు ఇప్పుడు పలకట్లేదు. కొంటా వైపు ఎవరైనా ఇది చదివితే ఆమెకు చెప్పండి. ఆ కుటుంబం ఇక్కడే ఉండిపోయింది, నాన్న ట్రాక్టర్ మీద పనికి పోతున్నాడు. పిల్లకు ముందు పళ్లు రెండు ఊడాయి. పుట్టిన తేదీ నీ పుస్తకంలోదే వేశాం అక్కా. రిజిస్టర్లో పెన్సిల్ పేరు మీద మొన్ననే పెన్నుతో దిద్దాను.