బాలింతను ఒంటరిగా అడగండి

సంపాదకుడికి,

పల్లెల్లో 28 ఏళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా చేసి రిటైరయ్యాను. చివరి ఏడాది చూసిన ఒక అమ్మాయి ఇంకా కళ్లలో మెదులుతోంది. ఐదో నెలలో బిడ్డనెత్తుకుని పుట్టింటి నుంచి అత్తారింటికి వచ్చింది. వారం తిరక్కుండానే పాలు తగ్గిపోయాయని కబురు. వెళ్లి చూస్తే చెంప వాచి ఉంది. "బాత్రూంలో జారిపడ్డా మేడం" అంది. నేనేమీ అడక్కముందే అత్తగారు అందుకుంది: "తాగకపోతే మావాడంత మంచోడు లేడమ్మా!" కాల్షియం మాత్రలిచ్చి, బాగా తినమ్మా అని చెప్పి వచ్చేశాను.

బిడ్డ ఏడుపుకి నిద్ర చెడిందని ఒకచోట, ఆడపిల్ల పుట్టిందని ఇంకోచోట కొడతారు. తొలి కాన్పుకి మాతృ వందన పథకం కింద వచ్చే 5,000 తల్లి ఖాతాలోనే పడతాయి, ఏటీఎం కార్డు మాత్రం మొగుడి జేబులో ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతోంది. అలాగని తప్పంతా మందుదే అనను. ఎంత తాగినవాడైనా దారిలో ఎస్సై ఎదురైతే నమస్కారమే పెడతాడు.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి బిడ్డ బరువు, తల్లికి జ్వరం, రక్తస్రావం చూసి రాసుకుంటుంది. మనవైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, ఆ ఆరుసార్లూ అమ్మ దగ్గరే గడిచిపోతాయి. దెబ్బలు మొదలయ్యేది ఆ తర్వాత. అప్పటికి మిగిలేవి 3, 6, 9, 12, 15 నెలల్లో వెళ్లేవి. వాటిలోనైనా "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా?" అని తల్లిని అడిగే ఏర్పాటు చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. అత్తగారి ముందు అడిగితే అందరూ బాత్రూంలోనే జారిపడతారు. మనవణ్ణి కాసేపు వరండాలో ఆడించమంటే రెండు నిమిషాలు దొరుకుతాయి, చాలు.

ఆశాకీ భయముంటుంది. ఆమెదీ ఆ ఊరే, సాయంత్రానికి వాడు తాగొచ్చి ఆమె గుమ్మం ముందు తిట్లకు దిగుతాడు. 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రక్షణాధికారికి (ఇలాంటి బాధితులకు సాయం చేసే ప్రభుత్వ అధికారికి) సమాచారం ఇవ్వొచ్చు, సదుద్దేశంతో ఇస్తే వాళ్ల మీద కేసు ఉండదు. నా సర్వీసంతటిలో ఈ మాట ఏ ట్రైనింగులోనూ వినలేదు. కనీసం ఇప్పుడున్నవాళ్లకైనా చెప్పండి. రక్షణాధికారి ఫోన్ నంబరు, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ప్రతి ఆశా దగ్గరా ఉండేలా చూడండి.

– ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, పశ్చిమ గోదావరి జిల్లా