రెండు త్రికోణాల గుర్తు

ముషీరాబాద్,
హైదరాబాద్

చిన్నమ్మా,

ఆదివారం నువ్వు ఇచ్చి వెళ్లిన స్క్రూడ్రైవర్ నాలుగు రోజులుగా నా సంచిలోనే ఉంది. రెండు ఇళ్లలో మెయిన్ ఆపేసి దానితోనే పని చేశాను. ‘‘నాన్నా, ఎలక్ట్రీషియన్ల కోసం ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు కూడా తయారుచేయడం మొదలుపెట్టమంటావా?’’ అని అడిగావు కదా. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఫోన్‌లో సగం సగం చెప్పడం కంటే రాయడమే నయం అనిపించింది.

ముందు నీ సరుకు సంగతి. పట్టు బాగుంది. కొన స్క్రూ గాడిలో కదలకుండా కూర్చుంటోంది. ఫోన్లు, డ్రోన్లు విప్పుకునే పిల్లలు నీ కిట్ ఎందుకు అడిగి కొంటున్నారో తెలిసింది. కానీ వాళ్ల చేతిలో అది జారితే ఒక స్క్రూ పాడవుతుంది, మహా అయితే ఒక బోర్డు పోతుంది. మా చేతిలో జారితే ఏమవుతుందో నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

నువ్వు ఆరో తరగతిలో ఉండగా కుడిచేతికి కట్టుతో ఇంటికి వచ్చాను, గుర్తుందా? వేడినీళ్లు పడ్డాయని చెప్పాను. అది నిజం కాదు. ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మీటర్ల ప్యానెల్‌లో వదులైన కనెక్షన్ బిగిస్తున్నాను. మెయిన్ ఆపితే లిఫ్ట్ ఆగుతుంది, మోటారు ఆగుతుంది, అందరూ గొడవ చేస్తారని ఆపనివ్వలేదు. నేనూ ఒప్పుకున్నాను, అది నా తప్పు. నా స్క్రూడ్రైవర్ పిడి మంచి ప్లాస్టిక్‌దే. కడ్డీ మాత్రం బోడి ఇనుము. కొన ఒక ఫేజ్, అంటే కరెంటు వచ్చే మూడు లైన్లలో ఒకదాని, స్క్రూ మీద ఉంది, చెయ్యి కొంచెం ఒరిగేసరికి కడ్డీ నడుము పక్క ఫేజ్‌కి తగిలింది. షాక్ కొట్టలేదు. కానీ రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఆ ఇనుము గుండా కలిశాయి. తెల్లటి మంట, చెవులు చిల్లులు పడే చప్పుడు. చేతి మీద తోలు లేచింది. రెండు రోజులు కళ్లలో ఇసుక పోసినట్టే ఉంది. ఆ స్క్రూడ్రైవర్‌ను పారేయలేదు, బీరువాలో పెట్టాను.

నువ్వు పట్టించుకోవాల్సింది ఇక్కడే. ఇన్సులేషన్ అంటే పిడి అనుకుంటారు చాలామంది. పిడి కాపాడేది చేతిని మాత్రమే. రెండు ఫేజులు కలవకుండా, ఫేజ్ వెళ్లి ఎర్త్ అయిన ప్యానెల్ బాడీకి తగలకుండా ఆపేది కడ్డీ మీది తొడుగు. అందుకే అసలైన ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్‌కి కొన దగ్గర కొంచెం మేర తప్ప ఇనుము కనిపించదు. మా వాళ్లు ఏం చేస్తారో తెలుసా? వైరు తొడుగు ఊడబెరికి కడ్డీకి ఎక్కిస్తారు, లేదా టేపు చుట్టేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఆ తొడుగు పనిలో తిరుగుతుంది, పైకి జరుగుతుంది, ఎక్కడో తెగుతుంది. తెగిన సంగతి పనిలో ఉన్నవాడికి తెలియదు. మంచి కంపెనీలు తొడుగును రెండు రంగుల పొరలుగా పోస్తాయి. పైపొర గీసుకుపోతే లోపలి రంగు కనబడుతుంది, పక్కన పెట్టేయొచ్చు. నువ్వు చేస్తే అలాగే చెయ్యి.

ఒకదాన్లో ఒకటి దూరిన రెండు త్రికోణాలు, పక్కన 1000 వి అని ఉండే గుర్తు నీకు తెలిసే ఉంటుంది. కరెంటు సామానుకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐఇసి, దాని 60900 ప్రమాణం అది, 1000 వోల్టుల ఏసీ, 1500 వోల్టుల డీసీ వరకు. ఆ గుర్తు వేయాలంటే నమూనాలను రోజంతా నీళ్లలో నానబెట్టి పరీక్షించాలి. సున్నా కింద 25 డిగ్రీల చలిలో దెబ్బ కొట్టి తొడుగు పగులుతుందేమో చూడాలి. కడ్డీకి అది ఎంత గట్టిగా అంటుకుందో, మంట అంటితే ఎలా కాలుతుందో చూడాలి. ఇంతా అయ్యాక, అమ్మకానికి వెళ్లే ఒక్కో పీస్‌నీ 10,000 వోల్టుల దగ్గర పరీక్ష పెట్టాలి. వందలో ఒకటి తీసి చూడటం కాదు, ఒక్కోటీ. చర్లపల్లిలో మౌల్డింగ్ చేసేవాళ్లు నీకు ఎంతమందైనా దొరుకుతారు. ఖర్చంతా ఈ పరీక్షల దగ్గరే, ఓపిక పోయేదీ అక్కడే.

ఇంకో మాట. నీ కిట్‌కి పేరు తెచ్చింది బిట్లు, అంటే కొనలు, మార్చుకునే సౌకర్యం. దాన్ని ఇందులోకి తేవద్దు. బిట్ కూర్చునే చోట తొడుగుకి అతుకు వస్తుంది, నాకు ఆ అతుకు అంటే భయం. పిడి, కడ్డీ ఒకటే ముక్కగా ఉన్నవి చెయ్యి. మొదట మూడు సైజులు చాలు.

ఇన్ని చెప్పి వద్దంటాననుకుంటున్నావేమో. చెయ్యమనే అంటాను. కరెంటు సామాను దొరికే ట్రూప్ బజార్‌లో టపారియా కంపెనీ పనిముట్లు అడగని ఎలక్ట్రీషియన్‌ను నేను చూడలేదు. అంటే మా వాళ్లు మంచి పనిముట్టుకు డబ్బు పెట్టరన్నది తప్పు. పైగా పని మారింది. ఇప్పుడు నన్ను సోలార్ ప్యానెళ్ల కోసం పిలుస్తున్నారు. ఒక్కోటి 40 వోల్టుల చొప్పున పది ప్యానెళ్లు వరుసగా కలిపితే 400 వోల్టుల డీసీ. ఎండ ఉన్నంతసేపూ దాన్ని ఆపే స్విచ్ సూర్యుడికి ఉండదు. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకి వచ్చి వెళ్తుంది కాబట్టి మంట తెగే వీలుంటుంది, డీసీలో మంట లాగినకొద్దీ సాగుతుంది. నీ డ్రోన్ పిల్లలే రేపు ఎలక్ట్రిక్ బండి బ్యాటరీలు విప్పుతారు. వాళ్లకి దీని అవసరం మాకంటే ఎక్కువ. ఎందుకంటే భయపడటం వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

అందుకే డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘‘మెయిన్ ఆపండి, టెస్టర్‌తో చూసుకోండి’’ అని తెలుగులోనూ, ఉర్దూలోనూ, హిందీలోనూ వేయించు. ఈ స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది కదా అని ఎవరూ కరెంటు ఆపకుండా దిగకూడదు. రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ త్రికోణాలు ఎక్కడా అచ్చు వేయించొద్దు. శాంపిల్ మీద కూడా వద్దు, తల్లీ. డీలర్లు తొందరపెడతారు, ‘‘అందరూ వేస్తున్నారు మేడమ్’’ అంటారు. ఆ ఆర్డరు పోతే పోనీ.

నా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి నీ శాంపిల్ చూసి ‘‘సార్, దీంతో కరెంటు మీద చేయొచ్చా?’’ అని అడిగాడు. పైకి అది ఇన్సులేటెడ్‌లాగే కనిపిస్తోంది. ముందు ఆ పసుపు రంగు మార్పించు.

రేపు కొరియర్‌లో ఒక పొట్లం పంపుతున్నాను. బీరువాలో ఉన్న పాత స్క్రూడ్రైవరే అది. కడ్డీకి గాటు ఎక్కడ పడిందో చూడు, కొనకి బెత్తెడు పైన. నీ తొడుగు అక్కడితో ఆగకుండా, దాని కిందకి కొన దాకా రావాలి.

ప్రేమతో,
నాన్న