విచారణ గదిలో కెమెరా ఉంది, రికార్డు కూడా చేయించండి

ఇజ్రాయెల్ న్యాయశాఖ మంత్రి యారివ్ లెవిన్ గారికి,

నమస్కారం. నేను తెలుగు నేల మీద క్రిమినల్ కేసులు వాదించుకునే న్యాయవాదిని. మా దేశం సంగతి నీకెందుకని మీరు అడగొచ్చు. మూసిన తలుపుల వెనక నేరం ఒప్పుకుంటూ ఇచ్చిన వాంగ్మూలాన్ని కోర్టులో నిలబెట్టడం, పడగొట్టడం చుట్టూ తిరిగే వృత్తి నాది. మీ దేశంలో ఆ తలుపుల వెనక జరిగేదాని గురించి చాలాకాలంగా చదువుతున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

2023 అక్టోబర్ 7న హమాస్ నాయకత్వంలో జరిగిన దాడిలో మీ వాళ్లు దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని గాజాకు ఎత్తుకుపోయారు. ఆ పని చేసినవాళ్లను పట్టుకోవద్దని, ప్రశ్నించవద్దని నేను అనడం లేదు. పట్టుకోండి, ప్రశ్నించండి, శిక్ష వేయించండి. నేనడిగేది ఆ ప్రశ్నించడం ఎలా జరిగిందో రేపు ఒక జడ్జి చూడగలగాలని మాత్రమే.

2002లో మీ పార్లమెంటు నిందితుల విచారణ మీద ఒక మంచి చట్టం చేసింది. తీవ్రమైన నేరాల్లో పోలీసు విచారణను ఆడియోగానో వీడియోగానో రికార్డు చేయాలంది. కానీ భద్రతా నేరాల నిందితులకు అందులో మినహాయింపు ఇచ్చారు. మొదట తాత్కాలికమన్నారు, పొడిగిస్తూ పోయారు, చివరికి శాశ్వతం చేసేశారు. భద్రతా నేరం కింద పట్టుబడేవాళ్లలో అత్యధికులు పాలస్తీనియన్లేనని మీకు నేను చెప్పక్కర్లేదు. మీ అంతర్గత భద్రతా సంస్థ షిన్‌బెత్ చేసే విచారణలను పూర్తిగా వీడియో తీయాలని 2013లో మీ ప్రభుత్వమే వేసిన టర్కెల్ కమిషన్ సిఫారసు చేసింది. దాని మీద మీవాళ్లు చేసిందేమిటి? గదుల్లో కెమెరాలు పెట్టారు. మీ శాఖ పర్యవేక్షకుడు కావాలనుకున్నప్పుడు లైవ్‌లో చూడొచ్చన్నారు. రికార్డు మాత్రం చేయరు. ఆయన చూడని గంటల్లో ఏం జరిగిందో చెప్పడానికి మిగిలేది ఇద్దరే: కొట్టారని ఆరోపించేవాడు, కొట్టలేదని చెప్పే అధికారి.

ఆ అధికారి మాట నమ్మొచ్చు కదా అంటారా? ఈ విషయంలో మీ దేశ చరిత్రే చేదుగా ఉంది. 1987లో మీ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు మోషే లాండౌ నాయకత్వంలోని కమిషన్ ఒక సంగతి తేల్చింది. ఒప్పుకోలు ఎలా రాబట్టారన్న విషయంలో షిన్‌బెత్ అధికారులు 16 ఏళ్లపాటు కోర్టుల్లో ప్రమాణం చేసి మరీ అబద్ధం చెప్పారు. ఒకరిద్దరు కాదు, అదొక పద్ధతిగా నడిచింది. అయినా అదే కమిషన్ విచారణలో 'ఒక మోస్తరు శారీరక ఒత్తిడి' వాడొచ్చంది. ఆ మోస్తరు ఎంతదాకా వెళ్లిందో తర్వాతి పన్నెండేళ్లు చూపించాయి. ముందుకు వాలిన చిన్న కుర్చీలో చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టడం, తలకు సంచి తొడగడం, చెవులు పగిలేలా సంగీతం, రోజుల తరబడి నిద్ర లేకుండా చేయడం. భుజాలు పట్టి విపరీతంగా కుదపడం ఇంకొకటి. అలా కుదిపినందుకే 1995లో ఒక పాలస్తీనియన్ చనిపోయాడు.

1999 సెప్టెంబర్ 6న మీ సుప్రీంకోర్టులో అప్పటి అధ్యక్షుడు అహరోన్ బరాక్ నేతృత్వంలో తొమ్మిది మంది జడ్జీలు ఈ పద్ధతులను నిషేధించారు. ఆ కోర్టుతో, ముఖ్యంగా బరాక్ ఆలోచనతో మీకున్న విభేదం లోకానికి తెలుసు. నాకు మాత్రం అది మా తరం న్యాయవాదులు మళ్లీ మళ్లీ చదవాల్సిన తీర్పు. బాంబుల మధ్య బతుకుతున్న దేశంలో కూర్చుని, అధికారం చేతులు కట్టేసే మాట రాయడానికి ధైర్యం కావాలి. కానీ అదే తీర్పులో ఒక తలుపు తెరిచి ఉంచారు. పేలబోయే బాంబును ఆపడానికి బలం వాడిన అధికారి, రేపు తనమీద కేసు పెడితే 'గత్యంతరం లేక చేశాను' అని వాదించుకోవచ్చన్నారు. కేసు పడ్డాక చేసుకోవాల్సిన ఆ వాదన, ఆచరణలో ముందే పైనుంచి తీసుకునే అనుమతిగా మారింది.

2019లో మీ ఆక్రమణలోని వెస్ట్ బ్యాంక్‌లో, డోలెవ్ అనే యూదు సెటిల్‌మెంట్ దగ్గర బాంబు పేలి 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఘోరమైన హత్య. ఆ కేసులో పట్టుకున్న నిందితుడిని కొన్ని రోజులకే పక్కటెముకలు విరిగి, మూత్రపిండాలు దెబ్బతిన్న స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. దాని మీద దర్యాప్తు జరిగింది, 2021 జనవరిలో మూసేశారు. విచారణలో హింసించారన్న ఫిర్యాదులు 2001 నుంచి వెయ్యికి పైగా వచ్చినా షిన్‌బెత్ విచారణాధికారుల్లో ఒక్కరి మీద కూడా ఛార్జిషీటు పడలేదని మీ దేశపు హక్కుల సంఘాలే చెబుతున్నాయి. ఆ ఫిర్యాదులు చూసే అధికారి ఇప్పుడు మీ శాఖలోనే ఉన్నారు.

ఇది పాలస్తీనియన్ల సమస్య మాత్రమే అనుకుంటే దూమా కేసు గుర్తు చేసుకోండి. 2015 జూలై 31న వెస్ట్ బ్యాంక్‌లోని ఆ పాలస్తీనా ఊళ్లో ఇంటికి నిప్పు పెడితే 18 నెలల పసివాడు, వాడి తల్లిదండ్రులు చనిపోయారు. పట్టుబడిన యూదు నిందితుడిని కూడా 'గత్యంతరం లేని' పద్ధతిలోనే విచారించారు. అప్పుడు సెటిలర్లు, అంటే వెస్ట్ బ్యాంక్‌లో స్థిరపడిన యూదులు, విచారణలో హింసించారంటూ వీధుల్లోకి వచ్చారు. వాళ్లు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనదే! 2018లో లోద్ కోర్టు బలప్రయోగం సమయంలోనూ, ఆ వెంటనే ఇచ్చిన వాంగ్మూలాలను కొట్టేసి, తర్వాత ఇచ్చినదాన్ని ఒప్పుకుంది. శిక్ష పడింది, 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రికార్డింగ్ ఉంటే ఏ మాట భయంతో వచ్చిందో, ఏది స్వేచ్ఛగా వచ్చిందో అంత పెనుగులాట లేకుండా తేలేది. ముగ్గురిని పోగొట్టుకున్న ఆ కుటుంబానికీ నిందితుడి శిక్ష మీద ఏ అనుమానమూ మిగిలేది కాదు.

వెస్ట్ బ్యాంక్‌లో పరిస్థితి ఇంకా కష్టం. ఒకే కొండ మీద పక్కపక్కన ఉండే ఇద్దరిని అరెస్టు చేస్తే, సెటిలర్‌ను మామూలుగా 24 గంటల్లో జడ్జి ముందు నిలబెట్టాలి. పెద్దవాడైన పాలస్తీనియన్‌కు భద్రతా నేరంలో, అక్కడ నడిచే మిలిటరీ ఉత్తర్వు 1651 ప్రకారం, 96 గంటల గడువు. లాయర్‌ను కలవనీయకుండా వారాల తరబడి ఆపొచ్చు. రాయి విసిరాడన్న పిల్లవాడి కేసూ భద్రతా నేరమే. చదవడం రాని హీబ్రూలో రాసిన ఒప్పుకోలు మీద పాలస్తీనా పిల్లలతో సంతకం పెట్టిస్తున్నారని యునిసెఫ్ 2013లోనే రాసింది. 2010లో ఆ మిలిటరీ కోర్టుల్లో శిక్షల శాతం 99.74. ఒక న్యాయవాదిగా ఆ అంకె చదివినప్పుడు నా కాళ్లు చల్లబడ్డాయి. అక్కడ వాదించే లాయర్ ఉదయం ఏ ఆశతో కోర్టుకు బయల్దేరతాడు?

అక్టోబర్ 7 తర్వాత గాజా నుంచి తెచ్చినవాళ్లను 'చట్టవిరుద్ధ పోరాటయోధుల' చట్టం కింద నెలల తరబడి లాయర్ లేకుండా ఉంచారు. రెడ్‌క్రాస్‌ను లోపలికి రానీయలేదు. స్దే తేమాన్ సైనిక స్థావరంలో ఖైదీని హింసించారన్న ఆరోపణపై 2024 జూలైలో సైనికులను అదుపులోకి తీసుకుంటే, వాళ్లకు మద్దతుగా గుంపు స్థావరంలోకే చొరబడింది. అందులో మీ పాలక కూటమి పార్లమెంటు సభ్యులూ ఉన్నారు.

వెస్ట్ బ్యాంక్‌లో కొంత పాలన చూసే పాలస్తీనా అథారిటీ తన రాజ్యాంగ చట్టం 13వ అధికరణలో హింసతో రాబట్టిన ఒప్పుకోలు చెల్లదని రాసుకుంది. అయినా 2021లో విమర్శకుడు నిజార్ బనాత్ దాని భద్రతా దళాల చేతుల్లోనే చనిపోయాడు. గాజాలో హమాస్ జైళ్ల తీరూ అంతే. వాళ్లకూ ఇదే మాట చెబుతాను. వాళ్లు చేశారు కాబట్టి మీకు చెల్లుతుందని మాత్రం ఒప్పుకోను.

మా ఇల్లు చక్కగా ఉందనీ అనను. ఐక్యరాజ్యసమితి హింసా వ్యతిరేక ఒప్పందాన్ని మీరు 1991లోనే ధ్రువీకరించారు. మేము 1997లో సంతకం చేసి ఈరోజుకీ ధ్రువీకరించలేదు. లాకప్ మరణాలు మాకూ ఉన్నాయి. కానీ పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదన్న నియమం 1872 నుంచి మా సాక్ష్య చట్టంలో ఉంది. ఉగ్రవాదాన్ని అణచడానికని తెచ్చిన టాడా చట్టం దాన్ని పక్కకు నెట్టినప్పుడు ఎంతమంది అమాయకులు ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గారో మేము చూశాం. 2020 డిసెంబర్‌లో మా సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో ఆడియోతో సహా సీసీటీవీ పెట్టి, ఆ రికార్డింగులను నెలల తరబడి భద్రపరచాలంది. అమలు ఇంకా సరిగ్గా లేదు, దానికోసం ఇక్కడా కొట్లాడుతున్నాం.

మంత్రిగారూ, 2002 చట్టంలోని మినహాయింపును ఎత్తేసే బిల్లు పెట్టండి. నిఘా రహస్యాలు బయటపడతాయన్న భయం ఉంటే రికార్డింగును సీల్ చేసి జడ్జికి మాత్రమే ఇవ్వండి. వాంగ్మూలం నిందితుడి భాషలోనే రాయించండి. లాయర్‌ను ఆపాల్సి వస్తే ఆ నిర్ణయం విచారణాధికారి చేతిలో కాకుండా మొదటి రోజు నుంచే జడ్జి చేతిలో ఉంచండి. ఫిర్యాదుల విభాగానికి ఏటా ఎన్ని వచ్చాయో, ఎన్ని మూశారో, ఎందుకు మూశారో ప్రకటించండి. కెమెరాలు ఇప్పటికే గోడలకు ఉన్నాయి కాబట్టి మొదటి పనికి పెద్ద ఖర్చు కూడా లేదు. మీ జవాబు ఏదైనా, అది తెలుగులోకి తెచ్చి ఇక్కడి పాఠకుల ముందు పెడతాను.

ఇట్లు,
ఒక తెలుగు న్యాయవాది